పక్క సీటువాళ్ల పని

(బ్యాంకులో కొత్తగా చేరిన క్లర్కులు, ఆఫీసర్ల శిక్షణ ముగింపు రోజున ఒక విశ్రాంత బ్రాంచి మేనేజరు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. కూర్చోండి, కూర్చోండి.

ఇన్నాళ్లుగా ఈ గదిలో మీరు కేవైసీ నిబంధనలు, రుణ పత్రాలు, చెక్కుల చట్టం చదువుకున్నారు. ఎల్లుండి తలా ఒక బ్రాంచిలో చేరతారు. ఉద్యోగంలో తృప్తి గురించి నాలుగు మాటలు చెప్పమని ప్రిన్సిపాల్ గారు నన్ను అడిగారు. ఆ మాట అనగానే నాకు జీతం, ప్రమోషను, బదిలీ ఇవేవీ మనసులోకి రాలేదు. 1983 డిసెంబరు 31 రాత్రి గుర్తుకొచ్చింది. అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఆ సంవత్సరమే నేను బ్యాంకు ఉద్యోగాల నియామక బోర్డు బీఎస్‌ఆర్‌బీ పెట్టే పరీక్ష రాసి, తెనాలి దగ్గర ఒక బ్రాంచిలో క్లర్కుగా చేరాను. నాకు 22 ఏళ్లు. అప్పట్లో బ్యాంకుల లెక్కల సంవత్సరం డిసెంబరు 31తో ముగిసేది. మార్చి 31కి మారింది 1989లో. కంప్యూటరు అన్నది మా బ్రాంచిలో ఎవరూ కళ్లతో చూడలేదు. ఒక్కో ఖాతాకు లెడ్జరులో, అంటే లెక్కల పుస్తకంలో, ఒక పేజీ. పొదుపు ఖాతాల వడ్డీ కూడా చేత్తోనే కట్టాలి. నెలలో పదో తేదీ నుంచి ఆఖరి రోజు దాకా ఖాతాలో ఉన్న కనిష్ఠ నిల్వ ఎంతో చూసి, దాని మీద లెక్క వేసేవాళ్లం. రోజువారీ నిల్వ మీద వడ్డీ ఇవ్వడం 2010 ఏప్రిల్ 1 నుంచి వచ్చింది. మీరు పుట్టేసరికి ఇదంతా పాతబడిపోతోంది, అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను.

ఖాతాలన్నిటి నిల్వలూ కూడితే వచ్చే మొత్తం, బ్రాంచి మొత్తం లెక్క రాసే జనరల్ లెడ్జరులో ఉన్న మొత్తంతో సరిపోవాలి. సరిపోకపోతే ఆ తేడాను డిఫరెన్స్ అనేవాళ్లం. ఆ రాత్రి మాకు 270 రూపాయల డిఫరెన్స్ వచ్చింది. పది దాటింది. అటెండరు రెండోసారి టీ తెచ్చాడు. మా హెడ్ క్లర్కు గారు ఆ 270 అంకెను కాసేపు చూసి, "తొమ్మిదితో నిశ్శేషంగా పోతోంది. ఎక్కడో అంకెలు తారుమారయ్యాయి" అన్నారు. మీలో లెక్కలు చదివినవాళ్లకు తెలుసు, పక్కపక్క అంకెలు అటూ ఇటూ మార్చి రాస్తే వచ్చే తేడా ఎప్పుడూ తొమ్మిదితో భాగింపబడుతుంది. జమ రాయాల్సిన చోట ఖర్చు రాస్తే తేడా రెట్టింపు వస్తుంది కాబట్టి, సరి సంఖ్య అయితే సగం చేసి ఆ సగం కోసం వెతుకుతారు. ఇవన్నీ పాఠాలుగా ఎవరూ చెప్పలేదు, ఇలాంటి రాత్రుల్లో చెవిన పడినవే.

ఎనిమిది మందిమి జంటలుగా కూర్చున్నాం. ఒకరు అంకె చదవాలి, ఇంకొకరు ఓచరు, అంటే ఆ జమాఖర్చు చీటీ, చూసి టిక్కు పెట్టాలి. ఎవరి లెడ్జరు వాళ్లు చూసుకోకూడదు, ఎందుకంటే రాసిన కళ్లకు తమ తప్పు కనిపించదు. పదకొండున్నరకు హెడ్ క్లర్కు గారు "దొరికింది" అన్నారు. అంతే. ఎక్కడ, ఎవరిది అని అనలేదు, ఎవరూ అడగలేదు కూడా. అందరూ లేచి తాళాలు వేసే పనిలో పడ్డారు.

మూడో రోజున నా లెడ్జరు తిప్పుతుంటే ఒక పేజీలో 360 ని ఎర్రసిరాతో కొట్టేసి 630 అని రాసి ఉంది. పక్కన ఆయన పొడి సంతకం. తప్పు నాది. మధ్యాహ్నం ఆయన దగ్గరకు వెళ్లి, "ఆ రాత్రి నా పేరు ఎందుకు చెప్పలేదండీ?" అని అడిగాను. ఆయన చెప్పిన జవాబు 38 ఏళ్ల ఉద్యోగంలో నాతోనే ఉంది. "చెబితే ఏమవుతుందమ్మా? రేపటి నుంచి నువ్వు అంకె రాసిన ప్రతిసారీ నీ చెయ్యి వణుకుతుంది. వణికే చేత్తో ఇంకో తప్పు రాస్తావు. అది వెతకాల్సింది మళ్లీ మేమేగా."

నా మీద జాలిపడలేదని గమనించండి. ఏం పర్వాలేదమ్మా అని బుజ్జగించనూ లేదు. లెడ్జరు ముందు కూర్చున్న కొత్త గుమాస్తా చేతిలో కలం ఎలా ఉంటుందో ఆయనకు తెలుసు. తానూ ఒకప్పుడు ఆ కుర్చీలోంచే వచ్చారు, వచ్చాక మరిచిపోలేదు. సహానుభూతి అన్న మాటకు నేను చూసిన రూపం అది. ఆ తర్వాత నేను తప్పులు చేయలేదని కాదు, చేశాను. కానీ చేసిన తప్పును దాచాలని ఆ బ్రాంచిలో ఒక్కసారి కూడా అనిపించలేదు. ఆదివారం సాయంత్రం అయ్యేసరికి రేపు ఆఫీసుకు వెళ్లాలే అని గుండె బరువెక్కకపోవడం ఎంత భాగ్యమో, అది పోగొట్టుకున్న బ్రాంచిలో పనిచేశాక తెలిసింది.

జాలి, సానుభూతి, సహానుభూతి అని మనకు మూడు మాటలున్నాయి. నిఘంటువులు ఏం చెప్పినా, ఆఫీసులో వాటి మధ్య తేడా నాకు ఇలా అర్థమైంది. జాలిపడటానికి ఎదుటివాళ్ల గురించి ఏమీ తెలియనక్కర్లేదు. సానుభూతికి వాళ్ల కష్టం తెలిస్తే చాలు. సహానుభూతికి వాళ్ల పని తెలియాలి. ఈ మూడోదాని కోసమే నేను ఇంత దూరం వచ్చాను.

మా క్యాషియరు గారు మధ్యాహ్నం రెండు దాటాక ఎవరు పలకరించినా కసురుకునేవారు. నేను రెండుసార్లు నవ్వుతూ పలకరించి మాట పడ్డాను. గర్విష్ఠి అనుకుని మాట్లాడటం మానేశాను. ఏడాది తర్వాత నన్ను క్యాషు సీటులో వేశారు. నోట్లు లెక్కించే యంత్రాలు లేని కాలం. స్పాంజి డబ్బాలో వేలు తడుపుకుంటూ రోజంతా లెక్కపెట్టాలి. ప్యాకెట్లకు స్టాపుల్ పిన్నులు కొట్టేవాళ్లు. కొట్టవద్దని రిజర్వు బ్యాంకు 2001లో ఆదేశించేదాకా అది అలాగే సాగింది. పిన్ను పీకేటప్పుడు గోటి కింద గుచ్చుకునేది. డెబ్బై మూడు, డెబ్బై నాలుగు అని మనసులో నడుస్తున్న లెక్క మధ్యలోకి ఎవరైనా "భోజనం అయిందా?" అంటే చాలు, మళ్లీ ఒకటి నుంచి మొదలు. సాయంత్రం తక్కువ వస్తే ఆ డబ్బు క్యాషియరు జేబులోంచే కట్టాలి. మొదటి వారంలోనే నేను కూడా ఒకరిని కసిరాను. ఆ రోజు సాయంత్రం ఆయన దగ్గరకు వెళ్లి, "మీరు లెక్కలో ఉన్నప్పుడు పలకరించేదాన్ని, నాకు తెలియలేదండీ" అన్నాను. ఆయన నవ్వి, "నోటు మీద వేలు ఆగితే మాట్లాడు, వేలు కదులుతుంటే మాట్లాడకు" అన్నారు. అంత చిన్న సంగతి. దాని కోసం ఒక సంవత్సరం ఇద్దరం ఎడమొహం పెడమొహంగా ఉన్నాం.

మీరు చేరగానే చేయగలిగిన పని ఒకటుంది. ఒక్కో సీటులోనూ, మనిషిని మాటల్లో పెట్టకూడని క్షణం ఏదో తెలుసుకోండి. ఆర్టీజీఎస్‌లో పెద్ద మొత్తాలు వేరే బ్యాంకుకు పంపేవాళ్లకు ఒకటి ఉంటుంది. బంగారు రుణాల అప్రైజరు గీటురాయి మీద నగ గీసి చూసేటప్పుడు ఒకటి ఉంటుంది. ప్రతి నెలా పింఛనుదార్లు వచ్చే మొదటి మూడు రోజులు ఆ కౌంటరులో కూర్చున్నవాళ్లకు రోజంతా అదే.

బ్యాంకు ఉద్యోగులుగా మీరు రాయబోయే జేఏఐఐబీ, సీఏఐఐబీ పరీక్షల పుస్తకాల్లో హాథార్న్ ప్రయోగాలు వస్తాయి. షికాగో దగ్గర వెస్ట్రన్ ఎలక్ట్రిక్ వారి ఫ్యాక్టరీలో 1924లో మొదలైనవి. దీపాల వెలుతురు పెంచితే పని పెరుగుతుందా అని చూడబోయి, మనుషుల గురించి వేరే సంగతులు తెలుసుకున్నారు. పరీక్ష కోసం అందరూ చదివేది ఆ వెలుతురు కథ. నాకు ఆసక్తి కలిగించింది దాని తర్వాతది. 1928 నుంచి రెండేళ్లపాటు ఇరవై వేలకు పైగా కార్మికులతో ముఖాముఖి మాట్లాడారు. మొదట ప్రశ్నల జాబితా పట్టుకుని వెళ్లారు. కార్మికులు ప్రశ్న వదిలేసి తమకు చెప్పాలనిపించింది చెప్పడం మొదలుపెట్టారు. చివరికి జాబితా పక్కన పెట్టి, మాట్లాడనిచ్చి వినడం నేర్చుకున్నారు. ఫ్యాక్టరీలో ఏ మార్పూ చేయకపోయినా, చెప్పుకున్నాక పరిస్థితి బాగుపడిందన్న కార్మికులు కూడా ఉన్నారట.

ఇక్కడ నాకు ఆ పరిశోధకులతో పేచీ ఉంది. వింటే మనసు తేలికపడుతుంది, నిజమే. క్యాంటీనులో అన్నం బాగోలేదని ఒకరు చెబితే, విని పంపేసి, అన్నం అలాగే ఉంచడాన్ని నేను సహానుభూతి అనలేను. ఆ మాట పట్టుకుని మనుషులను మాటలతో సరిపెట్టే యాజమాన్యాలు అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. మీలో ఆఫీసర్లుగా చేరేవాళ్లకు ప్రత్యేకంగా చెబుతున్నాను. విన్న తర్వాత మీ చేతిలో ఉన్నది మార్చండి. చేతిలో లేకపోతే, లేదని చెప్పండి.

2016 నవంబరు 8 రాత్రి 500, 1000 రూపాయల నోట్ల రద్దు ప్రకటన వచ్చింది. నేనప్పుడు బ్రాంచి మేనేజరును. తొమ్మిదో తేదీన జనానికి బ్యాంకులు మూసి, పదిన తెరిచాం. పన్నెండు, పదమూడు శని, ఆదివారాలైనా పనిచేశాం. పాత నోట్ల మార్పిడి పరిమితి మొదట 4,000, తర్వాత 4,500, ఆ తర్వాత 2,000. నిబంధన మారిన ప్రతిసారీ క్యూలో ఉన్నవాళ్ల కోపం మా కౌంటరు మీద పడేది. వాళ్ల తప్పు లేదు, మా తప్పూ లేదు, మధ్యలో ఒక అద్దం.

మా క్యాషియరు అమ్మాయికి రెండున్నరేళ్ల సర్వీసు. ఆ వారంలో ఒక రాత్రి 9,500 తక్కువ వచ్చింది. అందరం అలసిపోయి ఉన్నాం. ఎవరో "తిలా పాపం తలా పిడికెడు, అందరం వేసుకుందాం" అన్నారు. మంచి మనసుతో అన్న మాటే. నేనే ముందుగా పర్సు తీశాను. ఆ అమ్మాయి వద్దంది. ఇంకోసారి అడిగితే ఏడ్చేసింది. నిజం చెబుతున్నాను, నాకు చిన్నతనంగా అనిపించింది. సాయం చేస్తామంటే ఈ పట్టుదల ఏమిటి అనుకున్నాను.

మా అటెండరు నా క్యాబిన్‌లోకి వచ్చి తలుపు వేశాడు. ఎప్పుడూ వేసేవాడు కాదు. "మేడమ్, మీరందరూ డబ్బులు పోగుచేస్తే ఆ అమ్మ పోగొట్టిందని తేల్చేసినట్టే కదా. ఆమెకు కావాల్సింది డబ్బు కాదు. ఒక్కసారి ఎవరైనా పక్కన కూర్చుని లెక్క చూడండి" అన్నాడు.

నలుగురం కూర్చున్నాం. ఆ రోజు ప్యాకెట్లన్నీ విప్పాం. వంద నోట్లు ఉండాల్సిన పాత 500 ప్యాకెట్లలో ఒకదానిలో 104, ఇంకోదానిలో 105 నోట్లు ఉన్నాయి. అంటే 4,500 దొరికింది. మిగతా 5,000 దొరకలేదు. అర్ధరాత్రి దాటాక ఆ అమ్మాయి తన డబ్బే కట్టి రసీదు తీసుకుంది. మేము ఇస్తామన్నా తీసుకోలేదు, మేమూ ఈసారి బలవంతపెట్టలేదు. మర్నాడు అందరికంటే ముందు వచ్చి సీటులో కూర్చుంది. నేను ఫీల్డ్ ఆఫీసరు గారిని రెండు వారాలు బయటి పనులు ఆపించి, ఆమె వెనక కుర్చీ వేయించి, వచ్చిన నోట్లను రెండోసారి లెక్కించే పని అప్పగించాను. కౌంటరును రోజూ ఇరవై నిమిషాలు మూసి భోజనానికి పంపాం. క్యూలో వాళ్లకు నేనే వెళ్లి కారణం చెప్పాను. మీరు నమ్మరేమో, ఎవరూ గొడవ చేయలేదు. అప్పటిదాకా వాళ్లకు ఆ అద్దం వెనక ఉన్నవాళ్లు భోజనం చేయలేదని తెలియదు, అంతే.

ఆ రెండు నెలల్లో ఒంటి శక్తి మొత్తం అయిపోయింది. అయినా నా ఉద్యోగ జీవితంలో ఇష్టంగా తలుచుకునే రోజుల్లో అవి ఉన్నాయి. పని గొప్పగా జరిగిందని కాదు. ఆ బ్రాంచిలో ఎవరి బరువునూ వాళ్ల ఒక్కరి మీదే వదిలెయ్యలేదు.

ఇప్పుడు ఒక హెచ్చరిక చెప్పాలి. ఇది చెప్పకపోతే నా మాటలు మీకు చేటు చేస్తాయి. ఈ ఉద్యోగంలో ఒకరు ఎంట్రీ వేస్తారు, ఇంకొకరు చూసి ఆమోదిస్తారు. పక్క సీటాయన టీకి వెళ్తూ, "నా పాస్‌వర్డ్ ఇదమ్మా, ఏవైనా వస్తే పాస్ చేసేయ్" అంటారు. కాదంటే నమ్మకం లేదనుకుంటారేమో అని మనం రాసుకుంటాం. నాతో పనిచేసిన ఒకాయన అలా మంచితనంతోనే ఇచ్చారు. ఆయన పాస్‌వర్డ్‌తో ఎవరో చేసిన లావాదేవీలకు ఆయన ఎనిమిది నెలలు సస్పెన్షనులో ఉన్నారు. ఆయన ఇంట్లో ఆ ఎనిమిది నెలలు ఎలా గడిచాయో నాకు తెలుసు. పాస్‌వర్డ్ తీసుకోకపోవడమే ఆయన పట్ల చూపాల్సిన ఆపేక్ష. "మీరు వచ్చేదాకా ఆగుతానండీ, కస్టమరుకు నేను చెప్పుకుంటాను" అనండి. ఓచరు చూడకుండా సంతకం పెట్టడం కూడా ఇలాంటిదే. స్ట్రాంగ్ రూముకు రెండు తాళాలు పెట్టింది ఒకరిని ఒకరు అనుమానించుకోమని కాదు. ఏ ఒక్కరి మీదా మొత్తం నింద పడకుండా అది కాపాడుతుంది. ఒక తాళం మీ దగ్గర ఉన్న రోజున పది నిమిషాలు ఆలస్యమైతే, రెండో తాళం పట్టుకుని ఒకరు అక్కడ నిలబడి ఉంటారన్న సంగతి మాత్రం మరవకండి.

ఆడపిల్లలకు ఇంకో మాట. ప్రతి బ్రాంచిలో ఒకరికి మంచిదన్న పేరు వస్తుంది. ఆ పేరు వచ్చినామెకే అందరి మిగులు పనీ చేరుతుంది. నేనూ చాలా ఏళ్లు మోశాను. పక్కవాళ్ల పని తెలుసుకోవడం వేరు, వాళ్ల పని చేసిపెట్టడం వేరు. ఒకటి రెండుసార్లు చేస్తే సాయం. రోజూ చేస్తే వాళ్లను ఆ పని నేర్చుకోనివ్వకుండా చేసినట్టు.

ఒక విషయం చెప్పడానికి నాకిప్పటికీ కష్టంగా ఉంటుంది. ఒక బ్రాంచిలో ఊడ్చి తుడిచే ఆమె కాంట్రాక్టరు కింద పనిచేసేది. మాకు టీ ఒక కెటిల్‌లో వచ్చేది. ఆమె టీ గ్లాసు వేరే, స్టీలుది, కిటికీ మీద బోర్లించి ఉండేది. ఆమె పట్ల నాకు ప్రేమ ఉంది, పిల్లల చదువుల గురించి అడిగేదాన్ని, పండక్కి చీర పెట్టాను. ఆ గ్లాసు మాత్రం పదకొండు నెలలు కళ్ల ముందే ఉన్నా చూడలేదు. మీలాగే కొత్తగా చేరిన ఒక అబ్బాయి, రెండో రోజున గ్లాసులన్నీ తనే కడిగి, ఆ స్టీలు గ్లాసు కూడా మిగతావాటితో కలిపి ట్రేలో పెట్టాడు. ఏమీ మాట్లాడలేదు. మర్నాటి నుంచి ఎవరి చేతికి ఏ గ్లాసు వస్తే అందులో తాగాం. ఆమె ఆ రోజు మా మధ్య నిలబడి టీ తాగింది, మొదటిసారి. నేను ఆ రాత్రి నిద్రపోలేదు. చీర పెట్టిన చేత్తో గ్లాసు ఎందుకు మార్చలేకపోయానని.

మీకు ఇది మాకంటే కష్టం కాబోతోంది. లెడ్జర్ల కాలంలో డిఫరెన్స్ వస్తే ఎనిమిది మందీ కూర్చోక తప్పేది కాదు. అక్కడ ఒకరి చేతిరాత ఇంకొకరికి తెలిసిపోయేది, ఎవరి ఏడు ఒకటిలా ఉంటుందో, ఎవరికి కళ్లజోడు మార్చాలో కూడా. ఇప్పుడు బ్రాంచీలన్నిటినీ కలిపే కంప్యూటరు వ్యవస్థ, కోర్ బ్యాంకింగ్‌లో లెక్క దానంతట అదే సరిపోతుంది. అది చాలా మంచిది, ఆ చాకిరీ మళ్లీ రావాలని నేను కోరుకోను. కానీ సాయంత్రం ఎవరి స్క్రీను వాళ్లు ఆపేసి వెళ్లిపోవచ్చు. పక్క సీటువాళ్లకు ఆ రోజు ఏమైందో తెలియకుండా మూడేళ్లు గడిపి, బదిలీ మీద వెళ్లిపోవచ్చు. అప్పుడు పనే మమ్మల్ని కూర్చోబెట్టేది. మీరు పూనుకుని కూర్చోవాలి.

ఎలా అని ఇందాక టీ దగ్గర ఒకరు అడిగారు. పక్కవాళ్లు ముభావంగా ఉండే మనిషైతే ఎలా మాట కలపాలి అని. నాకు తెలిసినది ఒకటే. ప్రమోషను మీద నన్ను మహారాష్ట్రలో ఒక ఊరికి వేశారు. మరాఠీ ఒక్క ముక్క రాదు. అక్కడి అటెండరు పెద్దాయన, ఎవరితోనూ మాట్లాడేవారు కాదు. నేను వెళ్లి హిందీలో, "కౌంటరులో రోజూ వాడే మాటలు పది నేర్పుతారా?" అని అడిగాను. మొదట నేర్పినవి, కితీ అంటే ఎంత, ఉద్యా యా అంటే రేపు రండి. రోజుకు నాలుగు మాటల చొప్పున నెల రోజులు నేర్పారు. నేను తప్పు పలికితే దిద్దేవారు. ఆ దిద్దడంలోనే ఆయనకు నాతో మాట కలిసింది. బాగున్నారా అని అడిగితే ఎవరైనా బాగున్నామనే అంటారు. మీకు వచ్చింది నాకు నేర్పండి అంటే వాళ్ల రోజంతా మీ ముందు పరుస్తారు. అందులో కష్టం ఎక్కడుందో మీకే కనిపిస్తుంది, ఎవరూ చెప్పక్కర్లేదు.

నా మాటలు ఇంతే. ఇంకా సమయం ఉంది, ప్రశ్నలు ఉంటే అడగండి. వెనక వరుసలో ఆ అమ్మాయి ఇందాకటి నుంచి చెయ్యెత్తి దించుతోంది. ముందు ఆమెకు మైకు ఇవ్వండి.